మేనేజర్‌ని తిడితే మా అబ్బాయి ఎందుకు దూరమవుతున్నాడు?

2025 వేసవిలో హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం, దానికి అప్పుడు నేనిచ్చిన జవాబు ఇవి. పేరు, ఉద్యోగం బయటపెట్టవద్దన్నారు. చాలా పొడవైన ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఆయనకి 46 ఏళ్ళు. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. 1999 మే నెలలో, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు, హాస్టల్ టీవీ గదిలో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ) ఫైనల్ చూశారు. బార్సిలోనాలో బయర్న్ మ్యూనిక్‌తో ఆడిన మ్యాచ్. ఆరో నిమిషంలోనే గోల్ ఇచ్చేసిన యునైటెడ్, 90 నిమిషాలు అయిపోయేదాకా వెనకబడే ఉంది. ఇంజురీ టైమ్‌లో షెరింగామ్ ఒకటి, సోల్‌షేర్ ఒకటి వేసి కప్పు గెలిపించారు. "గదిలో సగం మంది అప్పటికే లేచి వెళ్ళి పడుకున్నారు. నేను మాత్రం కదల్లేదు. ఆ రాత్రి నుంచి ఆ జట్టు నాది" అని రాశారు.

2013లో ఫెర్గూసన్ రిటైరయ్యాక వచ్చిన మేనేజర్లందరి (జట్టుని నడిపే కోచ్‌ల) గురించీ ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. మోయెస్‌కి అంత పెద్ద క్లబ్బు నడిపే ధైర్యం లేదు. వాన్ గాల్ ఆట చూస్తే నిద్రొచ్చేది. మొరీన్యో తన ఆటగాళ్ళతోనే గొడవపడ్డాడు. 1999లో గోల్ వేసిన ఆ సోల్‌షేరే మేనేజర్‌గా వచ్చాడు, మంచివాడే కానీ పెద్ద మ్యాచ్‌లో నిర్ణయాలు తీసుకోలేడు. రాంగ్నిక్‌ది లెక్కలోకే రాదు. టెన్ హాగ్ డబ్బంతా తగలేశాడు. అప్పటి మేనేజర్ అమోరిమ్ మొండివాడు, ఉన్న ఆటగాళ్ళకి సరిపోని ఫార్మేషన్ పట్టుకుని వేలాడుతున్నాడు. జట్టులో సగం మందిని అమ్మేయాలి. గోల్ కీపర్ ఒనానాని అయితే రేపే పంపేయాలి.

ఇక అసలు కష్టం. ఆయన కొడుక్కి 15 ఏళ్ళు. ఈ మధ్యే పదో తరగతి అయింది, ఇంటర్‌లో చేరుతున్నాడు. ఆ అబ్బాయి గోల్ కీపర్. వాడికి ఏడెనిమిదేళ్ళప్పుడు ఈయనే యునైటెడ్ పాత కీపర్ షుమైకెల్ వీడియోలు చూపించి, గ్లవ్స్ కొనిచ్చి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేర్పించారు. తండ్రీకొడుకులిద్దరూ మ్యాచ్‌లు కలిసే చూసేవారు. ఈ సీజన్‌లో అది చెడింది. ఏప్రిల్‌లో యూరోపా లీగ్‌లో (యూరప్ క్లబ్బుల రెండో శ్రేణి పోటీ) ఫ్రాన్స్ జట్టు లియోన్‌తో రెండో మ్యాచ్ రాత్రి, ఎక్స్‌ట్రా టైమ్‌లో యునైటెడ్ రెండు మ్యాచ్‌లూ కలిపి రెండు గోల్స్ వెనకబడగానే ఈయన టీవీ ఆపేసి, నాలుగు తిట్లు తిట్టి వెళ్ళి పడుకున్నారు. అబ్బాయి ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాడు. చివరి ఏడెనిమిది నిమిషాల్లో యునైటెడ్ మూడు గోల్స్ వేసింది. అబ్బాయి వచ్చి లేపితే, "గెలిచినా దండగే, వీళ్ళు మారరు" అన్నారట.

మే 21న బిల్బావోలో టాటెన్‌హామ్‌తో యూరోపా లీగ్ ఫైనల్. మన గడియారంలో అర్ధరాత్రి దాటాక మొదలైంది. 1-0తో ఓడిపోయారు. ఈయన కోపం పట్టలేక రిమోట్ విసిరికొట్టారు. ఒనానాని, మేనేజర్‌ని నోటికొచ్చినట్టు అన్నారు. అబ్బాయి "అది ఒనానా తప్పు కాదు నాన్నా" అంటే, "నీకేం తెలుసురా, నువ్వు అసలైన యునైటెడ్‌ని చూశావా?" అని కసిరారు. "నేను చూసింది ఇదే. నాది ఇదే. నీకు నచ్చకపోతే వేరే టీమ్‌ని చూసుకో" అని వాడు తలుపేసుకున్నాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, అదే నెలలో వాడు ఒక టోర్నమెంట్ ఫైనల్ ఆడాడు. తండ్రికి చెప్పలేదు. కాళ్ళ మధ్య నుంచి గోల్ వదిలేసి ఓడిపోయారట. ఆ సంగతి వాళ్ళమ్మ చెప్పింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వొస్తే ఒనానాని అన్నట్టే నన్నూ అంటావు కదా" అన్నాడట.

ఆయన ప్రశ్నలు ఇవి: "26 ఏళ్ళు నిద్ర మానుకుని చూసినవాడికి మేనేజర్‌ని, ఆటగాళ్ళని విమర్శించే హక్కు లేదా? నా అభిప్రాయాల్లో తప్పేముంది? మా ఆవిడ సబ్‌స్క్రిప్షన్ తీసేయమంటోంది. నేను ఫుట్‌బాల్ చూడటం మానేయాలా? అమోరిమ్ ఉండాలని మీరు కూడా అంటారా?"

నమస్కారం.

మీ ఇంట్లోవాళ్ళు కానీ ఆఫీసులోవాళ్ళు కానీ "ఆటే కదా, దానికింత టెన్షన్ ఎందుకు" అని మీతో చాలాసార్లు అని ఉంటారు. నేనా మాట అనను. 26 ఏళ్ళు ఒక జట్టుతో బతికినవాళ్ళకి అది ఆట ఒక్కటే కాదని నాకు తెలుసు. నేనూ ఆ జట్టుని చూస్తూనే ఉన్నాను. అందుకే ముందు ఫుట్‌బాల్ మాట్లాడి, తర్వాత ఇంటి సంగతికి వస్తాను.

మీ విమర్శల్లో చాలావాటితో ఏకీభవిస్తాను. 2024-25 లీగ్‌లో 38 మ్యాచ్‌లలో 18 ఓటములు, 42 పాయింట్లు, 15వ స్థానం. 1973-74లో కింది డివిజన్‌కి దిగిపోయిన తర్వాత లీగ్‌లో ఇంత కిందకి ఎప్పుడూ రాలేదు. టెన్ హాగ్ నలుగురు డిఫెండర్ల పద్ధతి కోసం కొనుక్కున్న ఆటగాళ్ళని, అమోరిమ్ వచ్చీ రాగానే ముగ్గురు డిఫెండర్ల పద్ధతిలో నిలబెట్టాడు. ఆ పద్ధతికి ప్రాణం వింగ్ బ్యాక్‌లు, అంటే రెండు అంచుల్లోనూ ముందుకీ వెనక్కీ పరిగెత్తేవాళ్ళు. సీజన్ మధ్యలో డోర్గు వచ్చేదాకా ఆ పని కోసమే తీసుకున్న మనిషి ఒక్కడూ లేడు. మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరే ఉండటంతో ఎదుటి జట్టు ముగ్గురితో వస్తే మన వాళ్ళు పరిగెత్తి పరిగెత్తి అలసిపోయారు. మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఇదే చూసి "మొండితనం" అన్నారంటే అది చూసేవాడి హక్కే.

అయితే మీ ఉత్తరంలో కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి. అమోరిమ్ సీజన్ అయ్యాక వస్తానన్నాడు. ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ లేదని క్లబ్బు అనడంతో నవంబర్‌లో వచ్చాడు. ఈ మాట అతనే బయటకు చెప్పాడు. ప్రీ సీజన్ (సీజన్‌కి ముందు సాధన చేసే వారాలు) లేదు. వారానికి రెండు మ్యాచ్‌లు, నేర్పించడానికి మైదానంలో తీరిక లేదు. అతని తప్పులు చెప్పేటప్పుడు వీటినీ లెక్కలోకి తీసుకుంటే మీ విమర్శకి బలం పెరుగుతుందే తప్ప తగ్గదు. మీ అబ్బాయి మీతో వాదించేది బహుశా ఈ చోటే.

"ఫెర్గూసన్‌కి టైమ్ ఇవ్వలేదా?" అనే వాదన మీరు వినే ఉంటారు. 1986 నవంబర్‌లో వచ్చిన ఆయన మూడేళ్ళ దాకా ఒక్క కప్పూ తేలేదు. 1989 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1తో ఓడారు. ఆ డిసెంబర్‌లో ఓల్డ్ ట్రాఫోర్డ్‌లోనే ఒక అభిమాని "మూడేళ్ళ సాకులు చాలు, ఇక వెళ్ళు" అన్న అర్థంతో బ్యానర్ పట్టుకున్నాడు. ఆ సీజన్ 13వ స్థానంలో ముగిసింది, కానీ ఎఫ్ఏ కప్ (లీగ్ కాక ఇంగ్లాండ్‌లో జరిగే నాకౌట్ పోటీ) గెలిచారు. తర్వాత ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ కథ ఎంత నిజమో, దాన్ని ప్రతి మేనేజర్‌కీ అతికించడం అంత పొరపాటు. ఓపిక పట్టి మునిగిపోయిన క్లబ్బులు బోలెడు. కాబట్టి టైమ్ ఇస్తే ప్రతివాడూ ఫెర్గూసన్ అవుతాడని మీతో వాదించను.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. "ఒక్కొక్కరినీ ఆరు నెలలు చూస్తాను, తర్వాత నాకు అర్థమైపోతుంది" అన్నారు. సరే. మోయెస్‌తో ఆరేళ్ళ ఒప్పందం రాసుకుని పది నెలలకే పంపేశారు. వాన్ గాల్‌ని ఎఫ్ఏ కప్ గెలిచిన రెండు రోజులకే పంపారు. 81 పాయింట్లతో రెండో స్థానం తెచ్చిన మొరీన్యోని ఆ పై డిసెంబర్‌లో పంపారు. సోల్‌షేర్ అంతే. టెన్ హాగ్‌కి 2024 వేసవిలో ఒప్పందం పొడిగించి, అక్టోబర్‌లో ఇంటికి పంపారు. అంటే మీరు కోరుకున్నది ప్రతిసారీ జరిగింది. ఆలస్యమైందేమో కానీ జరిగింది. మరి మీ కోపం ఒక్కసారైనా చల్లారిందా? కొత్త మనిషి వచ్చిన మూడు నాలుగు నెలలు ఆశగా ఉండి, మళ్ళీ అదే మంట. మేనేజర్లే దీనికి మూలమైతే ఇందరు వెళ్ళాక కొంతైనా తగ్గాలి కదా.

క్లబ్బు వైపు నుంచి చూస్తే, 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్బుని కొన్నప్పుడు, అందుకు తెచ్చిన అప్పులో పెద్ద భాగం క్లబ్బు నెత్తినే పెట్టారు. ఆ వడ్డీ కట్టుకుంటూ, ఏ పద్ధతి ఆట కావాలో తేల్చుకోకుండా, వచ్చిన ప్రతి మేనేజర్ అడిగినవాళ్ళని పెద్ద ధరకి కొంటూ ఇన్నేళ్ళు గడిపారు. మీరు చూస్తున్న చెత్త ఆటకి సగం కారణం మైదానం బయట ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ కోపం మొత్తం టీవీలో కనిపించే గోల్ కీపర్ మీద పడుతోంది. మాంచెస్టర్‌లో అభిమానులు దీన్ని చక్కగా వేరు చేసుకున్నారు. 2010లో క్లబ్బు పుట్టినప్పటి పాత రంగులైన ఆకుపచ్చ, పసుపు స్కార్ఫ్‌లు కట్టుకుని యజమానుల మీద నిరసన తెలిపారు. అదే మనుషులు స్టేడియంలో కూర్చుని ఆటగాళ్ళ కోసం గొంతు పోయేదాకా పాడారు. యజమానుల మీద కోపం ఒకవైపు, ఆడేవాళ్ళ మీద అభిమానం ఒకవైపు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవని వాళ్ళని చూస్తే తెలుస్తుంది.

మీ వైపు నుంచి చూస్తే, నాకు కోపం కంటే దిగులు ఎక్కువ కనిపించింది. ఇది నా ఊహ, సరికాకపోతే పక్కన పెట్టేయండి. మీరు 20వ ఏట యునైటెడ్‌ని పట్టుకున్నారు. ఫెర్గూసన్ వెళ్ళేనాటికి మీకు 34. చదువు, మొదటి ఉద్యోగం, పెళ్ళి, కొడుకు పుట్టడం, అన్నీ ఆ మధ్యలోనే. చాలా ఏళ్ళు మే వస్తే ఏదో ఒక కప్పు. ఆయన మొత్తం తెచ్చిన 13 ప్రీమియర్ లీగ్ టైటిల్స్‌లో ఎక్కువ భాగం మీరు మేలుకుని చూసినవే. 2008 మాస్కో రాత్రి, చెల్సీతో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గురించి మీరు రాసిన పేరా చదువుతుంటే, పెనాల్టీ వేయబోయి చెల్సీ కెప్టెన్ టెర్రీ జారిపడిన క్షణం కంటే అప్పుడు మీతో ఉన్న స్నేహితుల పేర్లే ఎక్కువ ఉన్నాయి. వాళ్ళిప్పుడు తలో దేశంలో ఉన్నారు. ఆ కాలం మీద బెంగ పెట్టుకోవడం సహజం. కానీ ఆ కాలం అమోరిమ్ తెచ్చివ్వగలిగేది కాదు. ఇంకెవరైనా సరే, వరసగా మూడు టైటిల్స్ గెలిపించినా అది రాదు.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. యునైటెడ్ చివరి లీగ్ టైటిల్ 2013 ఏప్రిల్‌లో. వాడికప్పుడు మూడేళ్ళు. వాడికి ఊహ తెలిశాక చూసినదేమిటి? 2021 యూరోపా లీగ్ ఫైనల్లో, గడాన్స్క్‌లో విల్లారియల్‌తో పెనాల్టీలు 11-10 దాకా సాగి, చివరికి యునైటెడ్ కీపర్ డి హేయా వేసిన పెనాల్టీ ఆగిపోవడం చూశాడు. 2023లో న్యూకాజిల్ మీద లీగ్ కప్ చూశాడు. 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో సిటీ మీద గార్నాచో, మైనూ చెరో గోల్ వేయడం చూశాడు. ఇద్దరూ 19 ఏళ్ళవాళ్ళే, ఇద్దరూ క్లబ్బు అకాడమీ నుంచి వచ్చినవాళ్ళే. 1937 అక్టోబర్ నుంచి ఇప్పటిదాకా ప్రతి మ్యాచ్ జట్టులోనూ అకాడమీ కుర్రాడు ఒక్కడైనా ఉంటున్న క్లబ్బు అది. 15 ఏళ్ళవాడికి ఆ సంగతి ఎంత దగ్గరగా తగులుతుందో ఆలోచించండి. టైటిల్ ఒక్కటీ చూడకుండానే వాడు ఈ జట్టుతో ఉన్నాడు. "అసలైన యునైటెడ్‌ని చూశావా" అని మీరు అడిగినప్పుడు, వాడి దగ్గరున్న కొద్దిదాన్నీ నకిలీ అన్నట్టయింది. తలుపు వేసుకున్నది అందుకే అయి ఉంటుంది.

ఇంకొకటి, నొచ్చుకోకుండా వినండి. 1999లో హాస్టల్లో సగం మంది లేచి వెళ్ళిపోతే మీరు కదల్లేదు. అందుకే ఆ రాత్రి మీ సొంతమైంది. లియోన్ మ్యాచ్ రాత్రి మీ ఇంట్లో లేవకుండా కూర్చున్నది మీ అబ్బాయి. 4-2తో లియోన్ ముందుంది. 114వ నిమిషంలో బ్రూనో పెనాల్టీ, 120వ నిమిషంలో మైనూ, ఆ వెంటనే మగ్వైర్ హెడర్. 5-4. వాడి జీవితంలో 1999 లాంటి రాత్రి అదే కావచ్చు. దాన్ని వాడు ఒంటరిగా చూశాడు. పంచుకుందామని వచ్చి మిమ్మల్ని లేపాడు. "దండగే" అన్నది గెలుపుని ఉద్దేశించి, కానీ వాడికి ఎలా వినిపించి ఉంటుంది?

ఆ చివరి గోల్ వేసింది ఎవరో కూడా చూడండి. మీ ఉత్తరంలో "పనికిరాని కొనుగోళ్ళు" వరసలో మొదటి పేరు మగ్వైర్‌దే. 2023లో కెప్టెన్సీ తీసేశారు. సొంత అభిమానులే ఎగతాళి చేశారు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళలేదు, ఉండి ఆడాడు. అతను గొప్ప డిఫెండర్ అని నేను వాదించడం లేదు. నెమ్మదిగా తిరుగుతాడు, వెనక ఖాళీ వదిలేస్తే కష్టం. ఇలా ఆట గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. మనిషి పనికిరాడు అని తేల్చేస్తే మాత్రం ఆ రాత్రిలాంటిది వచ్చినప్పుడు సంతోషించే దారి మనకే మూసుకుపోతుంది.

గోల్ కీపర్ దగ్గరికి వస్తే ఇది ఇంకా సున్నితం. ఫార్వర్డ్ నాలుగు అవకాశాలు పాడుచేసి ఐదోది వేస్తే హీరో. కీపర్ తొమ్మిది ఆపి పదోది వదిలితే ఆ ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. మీ అబ్బాయి ఈ సంగతి ఒంటికి పట్టేదాకా నేర్చుకున్నాడు. లియోన్‌తో మొదటి మ్యాచ్‌లో ఒనానా రెండు గోల్స్ తప్పుగా ఇచ్చాడు, తర్వాతి మ్యాచ్‌కి పక్కన కూర్చోబెట్టారు. ఆ తప్పులు తప్పులే. వాటిని ఎత్తి చూపడంలో అన్యాయం లేదు. కానీ బిల్బావోలో పడ్డ గోల్ అలాంటిది కాదు. గోల్ ముందు తొక్కిసలాటలో ల్యూక్ షాకి తగిలి, బ్రెన్నన్ జాన్సన్ కాలి దగ్గర దొర్లి లోపలికి వెళ్ళింది. మీ అబ్బాయి అన్నది సబబే. వాడు కీపర్ కళ్ళతో చూసి చెప్పాడు. అది వినాల్సిన మాట.

మీరు తిట్టినా ఒనానాకి వినపడదు. కోట్ల జీతం తీసుకుంటున్నాడు కాబట్టి పడాలి అన్నారు, ఒప్పుకుందాం. కానీ ఆ మాటలు వినేది హాల్లో మీ పక్కన కూర్చున్న ఇంకో కీపర్. వాడికి జీతం లేదు. "కాళ్ళూ చేతులూ లేవా వీడికి" అని మీరన్న ప్రతిసారీ, రేపు నేను వదిలితే నాన్న ఇదే అంటాడు అని వాడు లెక్క వేసుకున్నాడు. మీరు వాణ్ణి ఎప్పుడూ ఒక్క మాట అనలేదని రాశారు. నమ్ముతున్నాను. వాడికి అనాల్సిన అవసరం రాలేదు, ముందే విన్నాడు.

షుమైకెల్‌ని మీరు వాడికి దేవుడిలా చూపించారు కదా. మీరు చూడటం మొదలుపెట్టక ముందు జరిగింది ఒకటి ఉంది. 1996 అక్టోబర్‌లో న్యూకాజిల్ చేతిలో 5-0, ఆ తర్వాతి వారమే సౌతాంప్టన్ చేతిలో 6-3. వారం లోపల పదకొండు గోల్స్, కీపర్ షుమైకెల్. ఆ సీజన్ లీగ్ గెలిచింది యునైటెడ్డే. రెండున్నరేళ్ళ తర్వాత బార్సిలోనాలో కెప్టెన్‌గా కప్పు ఎత్తింది ఆయనే. వీలైతే ఆ రెండు మ్యాచ్‌ల వీడియో వాడితో కలిసి చూడండి. ఆయన వేసిన డైవ్‌లు వాడు చాలా చూశాడు, ఆయన వదిలిన గోల్స్ చూడలేదు.

ఇక ఏం చేయాలన్నది. మీ ముందు నాలుగైదు దారులున్నాయి. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో నాకు తోచింది చెబుతాను.

మీ ఆవిడ అన్నట్టు పూర్తిగా మానేయడం ఒకటి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీ బీపీకీ మంచిది. 2005లో గ్లేజర్లు వచ్చినప్పుడు మాంచెస్టర్‌లో కొందరు అభిమానులు నిజంగానే లేచి వెళ్ళిపోయారు. ఎఫ్‌సి యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు, సభ్యులే యజమానులు. కాబట్టి వెళ్ళిపోవడం ద్రోహమని ఎవరూ అనలేరు. కానీ వాళ్ళు ఫుట్‌బాల్‌ని వదిలి వెళ్ళలేదు, ఇంకో మైదానానికి వెళ్ళారు. మీరు అర్ధాంతరంగా మానేస్తే, తన మాట వల్లే నాన్న వదిలేశాడని మీ అబ్బాయి అనుకునే ప్రమాదం ఉంది. మానేయాలనే ఉంటే, కారణం వాడు కాదని వాడికి విడమరిచి చెప్పి మానండి.

ఎవరి గదిలో వాళ్ళు చూసుకోవడం రెండోది. ఇప్పుడు జరుగుతున్నది ఇదే. గొడవలుండవు. అయితే ఇంటర్ రెండేళ్ళు కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయి. మన ఊళ్ళలో ఆ రెండేళ్ళు పిల్లలు ఇంట్లో ఉన్నా లేనట్టే, పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. తర్వాత హాస్టలో, వేరే ఊరో. కలిసి చూడగలిగే శనివారాలు ఎన్ని మిగిలాయో మీరే లెక్కేసుకోండి.

కలిసి చూడటం, కానీ కొత్త ఒప్పందంతో. నాకు ఇందులో ఆశ ఎక్కువ, కష్టం కూడా ఎక్కువే. ఒప్పందం మీరు రాయకండి, వాణ్ణి అడగండి. ఆటగాడు చేసిన పని గురించి ఎంతైనా అనొచ్చు, మనిషి గురించి అనకూడదు అనేది ఒక నియమం కావచ్చు. "ఆ క్రాస్‌కి ముందుకు రావాల్సింది" అంటే అది విమర్శ. "దండగమారి" అంటే అది తిట్టు. మొదటి కొన్ని మ్యాచ్‌లు మీకు నాలుక కొరుక్కున్నట్టే ఉంటుంది. మాట జారితే వాడు లేచి వెళ్ళిపోవచ్చు, అది వాడి హక్కు అని ముందే ఒప్పుకోండి. హాఫ్ టైమ్‌లో మీ హాస్టల్ మిత్రులకి ఫోన్ చేసే అలవాటుందన్నారు. మేనేజర్‌ని పంపాలా వద్దా అనే గొడవ అంతా అక్కడ పెట్టుకోండి. వాళ్ళు మీ వయసువాళ్ళు, మీరు చూసినదే చూసినవాళ్ళు, తిట్టినా నొచ్చుకోరు. కోపం దిగడానికి ఒక చోటు కావాలి కదా.

ఇంకొకటి చేయొచ్చు. కీపర్ గురించి వాణ్ణి అడిగి తెలుసుకోవడం. "ఇక్కడ నువ్వైతే ఎక్కడ నిలబడేవాడివి?" అని ఒక ప్రశ్న. మీరు 26 ఏళ్ళుగా చూస్తున్నారు, వాడు ఏడేళ్ళుగా గోల్ ముందు నిలబడుతున్నాడు. ఆ మూడు కర్రల మధ్య నుంచి మైదానం ఎలా కనిపిస్తుందో మీకంటే వాడికి బాగా తెలుసు.

ఏ దారి పట్టినా ఒక మాట మాత్రం ముందు చెప్పాల్సి ఉంటుందనుకుంటున్నాను. వాడు మీకు చెప్పకుండా ఆడిన ఆ ఫైనల్ గురించి. పెద్ద ఉపన్యాసం వద్దు, "నేను కూడా సరిగ్గానే..." అని మొదలుపెట్టకండి. "నీ మ్యాచ్‌కి నేనొస్తానంటే నీకు భయం వేసేలా చేశాను. అది నా తప్పు" అంటే చాలు. తర్వాత ఊరుకోండి. వాడు వెంటనే కరగకపోవచ్చు. 15 ఏళ్ళ పిల్లలు "సర్లే" అని ఫోన్లోకి తలదూర్చేస్తారు. దాన్ని జవాబు కింద తీసుకోకండి, కొన్ని వారాలు ఆగండి.

వాడు మళ్ళీ మ్యాచ్ ఆడేటప్పుడు రావచ్చా అని అడగండి. వద్దంటే వెళ్ళకండి. రమ్మంటే వెళ్ళి, గోల్ వెనకాల కాకుండా దూరంగా నిలబడండి. దారిలో కారులో ఆట గురించి మీరు ఎత్తవద్దు, వాడు ఎత్తితే మాట్లాడండి. గోల్ వదిలినా ఆపినా తిరిగొచ్చేటప్పుడు ఏదైనా తినడానికి ఆగండి. మన హైదరాబాద్‌కి కీపర్ల చరిత్ర ఉందని కూడా ఎప్పుడైనా చెప్పండి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు స్వర్ణం గెలిచారు. ఆ ఫైనల్లో గోల్ కాచిన పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లోనే పుట్టారు. జట్టుని తయారుచేసిన కోచ్ రహీం సాబ్ ఈ ఊరివారే. ఇంటర్‌లో చేరాక గ్లవ్స్ అటకెక్కిస్తారా లేదా అనేది మీరిద్దరూ తేల్చుకోవాల్సిన ఇంకో పెద్ద సంగతి. మీరు దాని గురించి ఏమీ రాయలేదు కాబట్టి నేనూ పొడిగించను. కాలేజీ ఎంచుకునేటప్పుడు మైదానం ఉందా లేదా అని వాడు మిమ్మల్ని అడగలేకపోతున్నాడేమో చూడండి.

మీ ఆవిడ మాట కొట్టిపారేయకండి. రిమోట్ పగిలింది అన్నారు, రాత్రి మూడింటికి నిద్రలేక పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఇంటికొచ్చి చిరాకుపడే మనిషిని భరిస్తున్నది ఆవిడ. బీపీ మాత్రలు వాడుతూ ఇలా మేలుకోవడం గురించి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. వచ్చే సీజన్‌లో (2025-26) యునైటెడ్‌కి యూరప్ మ్యాచ్‌లు లేవు. జట్టుకి అది నష్టమే, కానీ అర్ధరాత్రి మ్యాచ్‌లు బాగా తగ్గుతాయి. శని, ఆదివారాల్లో చాలావరకు మన సాయంత్రాలకే వస్తాయి. ఆవిడతో కూర్చుని ఏవి చూస్తారో, ఏవి వదిలేస్తారో మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి ఏడాది దొరకదు.

అమోరిమ్ గురించి నా అభిప్రాయం అడిగారు. నేనైతే ఈ వేసవి ప్రీ సీజన్ అంతా ఇచ్చి, డిసెంబర్ దాకా చూస్తాను. యూరప్ లేదు కాబట్టి వారమంతా నేర్పించుకునే తీరిక మొదటిసారి దొరుకుతోంది. సాకు చెప్పడానికి కూడా ఏమీ మిగలదు. అప్పటికీ మిడ్‌ఫీల్డ్‌లో అదే ఇద్దరితో, అదే ఖాళీతో ఆడుతుంటే మీ మాటే నిజమని ఒప్పుకుంటాను. ఒనానా విషయంలో మాత్రం మీతో సగమే ఏకీభవిస్తాను. పోటీకి ఇంకో మంచి కీపర్ని తేవాలి, కానీ బిల్బావో గోల్‌ని అతని ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. ఇది మీ అబ్బాయికి చదివి వినిపించండి. ఎక్కడైనా ఒప్పుకోకపోతే వాణ్ణే నాకు రాయమనండి.